ముత్తన్న ఇస్త్రీ చేసిన ఖడా దుపట్టా

మా తమ్ముడి పేరు ముత్తన్న. తాత పేరు పెట్టారు. నాకంటే మూడేళ్ళు చిన్నవాడు, అయినా పేరులోనే అన్న ఉన్నాడని చిన్నప్పుడు వాడిని పిలిచినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు వాడికి ముప్పై ఏడేళ్ళు. నిజామాబాద్‌లో, వినాయక్‌నగర్‌లో ఒక షట్టర్ లోపల నిలబడి పొద్దంతా బట్టలు ఇస్త్రీ చేస్తుంటాడు. మీరెప్పుడైనా ఆ దారిన పోతే ఒక చొక్కా ఇచ్చి చూడండి. తిరిగి తీసుకున్నాక తొడుక్కోబుద్ధి కాదు, అట్లాగే దాచుకోవాలనిపిస్తుంది.

వాడిని ఇద్దరు మనుషులు మోసం చేశారు. మొదటివాడి గురించి చెప్పడం నాకు తేలిక. కడుపులో మంట ఉంది, నోరు దానంతట అదే నడుస్తుంది. రెండో మనిషి సంగతి ఆఖరున చెబుతాను. అది నా నోటివెంట అంత సులువుగా రాదు.

మాది మాక్లూర్. మా బాపు బాపురావుకు రెండెకరాల పసుపు, కొంచెం వరి. ముత్తన్నకు పొలం పని ఒంటబట్టలేదు. పార పట్టి గట్టు కట్టమంటే వంకర పోయేది. కానీ మా కన్నతల్లి, మా అవ్వ హన్మవ్వ, చీరలు మడత పెట్టమంటే మాత్రం అంచుకు అంచు, కొంగుకు కొంగు కలిపి పెట్టేవాడు. సందూకలో అవ్వ చీరలన్నీ పుస్తకాల్లా నిలబడేవి. పదో తరగతి తప్పాక నిజామాబాద్ వచ్చి ఒక లాండ్రీలో పనికి కుదిరాడు. బాపు పదిరోజులు వాడితో మాట్లాడలేదు. "కాపోళ్ళ ఇంట్ల పుట్టి ఇస్త్రీపెట్టె వట్టుడేందిరా? సాకలోళ్ళు నవ్వరా?" అని అరిచాడు. ముత్తన్న తలవంచుకొని విన్నాడు, మరునాడు పొద్దున మళ్ళీ బస్సెక్కాడు. వాడి మొండితనం అంతే, నోరు లేవదు, కాలు ఆగదు.

ఇరవై నాలుగో ఏట మస్కట్ పోయాడు. మా దిక్కు ప్రతి వాడకట్టులో గల్ఫ్ పోయినవాళ్ళు పదిమంది ఉంటారు, అందులో వింతేమీ లేదు. అక్కడ ఒక హోటల్ లాండ్రీలో పని. నువ్వు కాపువా, చాకలివా అని అక్కడెవరూ అడగలేదట, అదే వాడికి నచ్చిందట. కానీ మొదటి రోజే ఆవిరి మిషన్ ముందు నిలబడి ఏడ్చేశాడు. వెనక కుట్టుమిషన్ మీద పరదాలు కుడుతున్న ఒకతను తలెత్తకుండానే అడిగాడట.

"ఏడికెల్లి వచ్చినవ్ భాయ్?"

"మాక్లూర్."

"మాది బోధన్. ఇగ ఏడ్వకు. కండ్లనీళ్ళు పడ్తె తెల్ల దుప్పట్లకు మరకలైతయ్, సూపర్‌వైజర్ మల్ల ఉతికిపిస్తడు."

ఆ అతను అజర్. వాళ్ళ నాన్న బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఫ్యాక్టరీ చప్పబడిపోతున్న రోజుల్లోనే కొడుకును కుట్టుమిషన్ ముందు కూర్చోబెట్టాడు. అజర్ మా తమ్ముడికంటే ఏడాది పెద్ద. పొడుగ్గా, సన్నగా, మాటకు ముందు నవ్వుతో ఉంటాడు. ఆ నవ్వును తలుచుకుంటే నాకిప్పుడు పళ్ళు నూరాలనిపిస్తుంది. అప్పట్లో నాకూ నచ్చింది, అబద్ధమెందుకు చెప్పాలి.

పనివాళ్ళ క్యాంపులో ఒక గదిలో ఆరుగురు, మూడు రెండంతస్తుల మంచాలు. అజర్ కింద, ముత్తన్న పైన. అజర్ ఖట్టీ దాల్ వండేవాడు, ముత్తన్న రొట్టెలు కొట్టేవాడు. శుక్రవారం నమాజ్ అయ్యాక ఇద్దరూ మత్రా సముద్రం ఒడ్డున నడిచేవాళ్ళు. క్యాంపులో వాళ్ళను జోడెడ్లు అనేవాళ్ళట. దోస్తులు అన్న మాట పెద్ద దుప్పటి లాంటిది, దాని కింద ఎవరు పడుకున్నారో ఎవరూ ఎత్తి చూడరు. ఒక్కసారి మాత్రం పక్క క్యాంపులో ఇద్దరు మగవాళ్ళను పట్టుకొని పోలీసులకు అప్పజెప్పి, తర్వాత వాళ్ళ దేశానికి ఎక్కించేశారు. ఆ వారంలోనే అజర్ తన పరుపు చుట్టుకొని వేరే గదికి మారిపోయాడు. మూడు నెలలు ముత్తన్న వైపు చూడలేదు. తర్వాత వచ్చి, "డర్ అయింది ముత్తన్నా," అన్నాడట. వీడు సరే అన్నాడు. నాలాంటిదైతే ఆ పరుపును మెట్ల మీదినుంచి విసిరేసేది. వీడు మాత్రం రొట్టెలు ఒకటి ఎక్కువ కొట్టాడు.

బతుకమ్మ పండుగకు మస్కట్‌లో మనవాళ్ళందరూ ఒక హాల్ మాట్లాడుకొని ఆడతారు. అక్కడ తంగేడు పువ్వు ఎక్కడ దొరుకుతుంది? ముత్తన్న హోటల్లో పారేసే పసుపుపచ్చ కాగితపు నాప్కిన్లు తెచ్చి, మడతలు పెట్టి, తంగేడు పువ్వులు చేసేవాడు. బతుకమ్మ పేర్చడం ఆడవాళ్ళ పని కదా అని కొందరు నవ్వేవాళ్ళు. ఆ నవ్వేవాళ్ళ భార్యలే మరుసటి ఏడాది ఫోన్ చేసి, "ముత్తన్న తమ్మి వస్తుండా?" అని అడిగేవాళ్ళు. అజర్ ఒక మూలన కూర్చొని ఆ కాగితాలు కత్తిరించి ఇచ్చేవాడు.

ఇవన్నీ నాకెట్లా తెలుసంటే, వాడే చెప్పాడు. 2019లో సెలవు మీద వచ్చినప్పుడు, ఫిబ్రవరిలో, మా పొలంలో పసుపు ఉడకబెడుతున్నాం. ఉడికిన కొమ్ములను కల్లంలో ఆరబోస్తున్నాం, వాడొక పక్క, నేనొక పక్క. నేను ఎప్పటిలాగే పెళ్ళి మాటెత్తాను. వాడు చేతిలో గంప కింద పెట్టాడు.

"అక్కా, నాకు పెండ్లొద్దు. నాకు అజర్ ఉన్నడు."

"దోస్తు ఉంటే పెండ్లి చేసుకోవద్దా?"

"దోస్తు కాదక్కా."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక నా చేతిలోని గంప వాడి మీదికి విసిరాను. వేడివేడి కొమ్ములు వాడి ఛాతీకి తగిలి కింద పడ్డాయి. వాడు ఒక్కొక్కటి ఏరి మళ్ళీ గంపలో వేశాడు. రెండు రోజులు వాడి ముఖం చూడలేదు. మూడో రోజు పొద్దున చాయ్ ఇస్తూ, "గా అజర్ మంచోడేనా?" అని అడిగాను. వాడు గోడకు ఒరిగి, పసిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. అప్పటినుంచి ఈ భూమ్మీద వాడి సంగతి తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. "నువ్వున్నవు గదక్కా, నాకింకెవరు తెలువకున్నా ఫరక్ లేదు," అనేవాడు.

ఆ సెలవులోనే అజర్ మా ఇంటికి వచ్చాడు. బాపుకు మస్కట్ నుంచి మోకాళ్ళ నొప్పుల నూనె తెచ్చి తనే రాశాడు. నన్ను "ఆపా, ఆపా" అని, అంటే అక్కా అని, పిలుస్తూ వంటింట్లో వెంట తిరిగాడు. పోయేటప్పుడు బాపు, "నా కొడుకుకన్న గీ సాయిబు పిలగాడే నయం, నాతోని కూసొని మాట్లాడిండు," అన్నాడు. అవ్వ అప్పటికే లేదు. రెండేళ్ళకు కరోనాలో బాపూ పోయాడు. ముత్తన్న రాలేకపోయాడు, ఫోన్లోనే చూశాడు. ఆ రోజు వీడిని ఒడిలో పడుకోబెట్టుకున్నది అజరే. ఆ ఒక్క పనికీ నేనతన్ని ఎప్పటికీ తిట్టలేను. మిగతావాటికి తిడతాను.

2023లో ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. పన్నెండేళ్ళు చాలు, వీసా క్యాన్సిల్ చేసుకొని ఇద్దరూ వచ్చేయాలి. నిజామాబాద్‌లో ముందు షట్టర్, వెనక రెండు గదులు ఉన్న ఇల్లు చూసుకోవాలి. ముందు ఒకరు కుట్టాలి, ఒకరు ఇస్త్రీ చేయాలి. వెనక ఇద్దరూ ఉండాలి. దుకాణం భాగస్వాములు ఒకే ఇంట్లో ఉంటే ఎవరూ ఏమీ అనుకోరు. మా తమ్ముడు జన్మలో కోరుకున్నది ఇదొక్కటే. చిన్న కోరిక. ఇల్లు వెతికే పని నా మీద పెట్టాడు.

"రూం దొరికిందని నువ్వు ఫోన్ జేసిన్నాడే రాజీనామా ఇస్త అక్కా. నీ మాట మీదనే ఉంట," అన్నాడు.

అజర్ మాత్రం ముందే రావాల్సి వచ్చింది. రంజాన్ అయ్యాక చెల్లెలు ఆఫియా పెళ్ళి పెట్టుకున్నారు. క్యాంపులో ఒక పద్ధతి ఉంది. ఎవరు ఊరికి పోతున్నా వాళ్ళ అట్టపెట్టె ముత్తన్నే సర్దాలి. ఎంత సామానైనా పెట్టెలో పట్టించి, నైలాన్ తాడు కట్టి, నాలుగు వైపులా పేరు, ఊరు రాసి ఇచ్చేవాడు. ముత్తన్న కట్టిన పెట్టె హైదరాబాద్‌లో దిగాక కూడా విప్పబుద్ధి కాదనేవాళ్ళు. ఇక అజర్ పెట్టె అంటే చెప్పాలా? ఆ శుక్రవారం వీడియో కాల్‌లో నాకు చూపించాడు. బల్ల మీద ఎర్రటి ఖడా దుపట్టా, అదే, వాళ్ళ పెళ్ళికూతురు కప్పుకునే ఆరు గజాల దుపట్టా. జరీ మాడకుండా పైన పల్చని మల్లు గుడ్డ వేసి, తిరగేసి, అరచేయి అరచేయి మందం జరుపుతూ ఇస్త్రీ చేస్తున్నాడు. మూడు గంటలు పట్టిందట. ప్రతి మడతలో తెల్ల కాగితం పెట్టాడు. తర్వాత ఒక చిన్న డబ్బా తెరిచి నల్లపూసల లచ్ఛా చూపించాడు, వాళ్ళల్లో పుస్తె లాంటిది, మధ్యలో బంగారు బిళ్ళ.

"ఇవన్ని అజరే తీసుకపోవాల్నా?" అన్నాను.

"వాళ్ళల్ల అన్ననే తెస్తడట అక్కా. నన్నే సెలెక్ట్ జెయ్యమన్నడు. మంచిగున్నదా?"

మంచిగుందన్నాను. మా కాపుల్లో పుస్తెమట్టెలు మగపెళ్ళివాళ్ళే తెస్తారు, వాళ్ళల్లో వేరేమో అనుకున్నాం. మనకేం తెలుసు? పన్నెండేళ్ళు ఒకే గదిలో ఉన్నా, ఒకరి ఇంట్లో పెళ్ళి ఇంకొకరు చూసింది లేదు. చూస్తే తెలిసేది.

మే నెలాఖరులో నేను ఫోన్ చేశాను. వినాయక్‌నగర్‌లో ఇల్లు దొరికింది, షట్టర్ ఉంది, వెనక రెండు గదులు, వచ్చెయ్ అన్నాను. వాడు ఆ రోజే రాజీనామా ఇచ్చాడు. నెల నోటీసు పూర్తి చేసి, వీసా క్యాన్సిల్ అయి, జూన్ ఆఖరున దిగాడు. అజర్ ఎయిర్‌పోర్టుకు రాలేదు. ఫోన్ చేస్తే, "ఇంటి నిండ చుట్టాలున్నరు ముత్తన్నా, వస్త," అన్నాడు. వారం గడిచింది. ముత్తన్న షట్టర్‌కు నీలిరంగు వేశాడు. బోర్డు మీద ఇద్దరి పేర్లూ రాయించి గోడకు ఆనించి పెట్టాడు, అజర్ వచ్చాక ఇద్దరూ కలిసి బిగించాలట.

నాకు గాంధీచౌక్ దగ్గర చిన్న జాకెట్ల కుట్టు దుకాణం ఉంది. నాతోపాటు రుక్సార్ అని ఒకావిడ మగ్గం పని చేస్తుంది, పూసలు, జరీ కుడుతుంది. ఒకరోజు మధ్యాహ్నం ముత్తన్న వచ్చి కూర్చొని ఆవిడకు ఖడా దుపట్టా కథ చెబుతున్నాడు. జరీ మీద ఇస్త్రీ ఎట్లా చేయాలో చేతులు తిప్పి చూపిస్తున్నాడు. లచ్ఛా కూడా తనే ఎంచానని గొప్ప పోయాడు.

రుక్సార్ సూది ఆపింది. "ఎవరికి అన్నా, లచ్ఛా?"

"మా దోస్తు చెల్లెకు. అన్న తేవాలె గదా."

"అన్న తేడే! లచ్ఛా, ఖడా దుపట్టా దూల్హా ఇంటోళ్ళు తెస్తరు. పెండ్లికి ముందు సాచఖ్ నాడు దూల్హా తల్లి దుల్హన్‌కు కడ్తది. చెల్లెకు అన్న ఎట్ల తెస్తడన్నా?" అని నవ్వి, మళ్ళీ పనిలో పడింది. ఆవిడకేం తెలుసు పాపం.

ముత్తన్న చేతులు అట్లాగే గాలిలో ఉండిపోయాయి. నేను మిషన్ తొక్కుతూనే ఉన్నాను. దారం ఎప్పుడో అయిపోయింది, ఉట్టి సూది గుడ్డలో దిగుతూ ఉంది.

మరునాడు పొద్దున వాడు బోధన్ బయలుదేరాడు. "నేను గూడ వస్త," అన్నాను. ఎందుకని అడగలేదు. నేను తోడుగా వస్తున్నాననుకున్నాడు. దారంతా వాడు ఒకటే మాట, "రుక్సార్ వాళ్ళల్ల వేరే ఉండొచ్చక్కా. ఒక్కొక్క ఇంట్ల ఒక్కొక్క పద్ధతి ఉంటది గదా?" ఉంటుందన్నాను. మనిషి ఎంత మోసపోతున్నా, మోసం చేసేవాడి తరఫున తనే వకీలు అవుతాడు.

అజర్ ఇల్లు ఫ్యాక్టరీ గోడకు దగ్గరలో ఒక సందులో ఉంది. తలుపు ఆఫియా తీసింది. పుట్టింటికి వచ్చినట్టుంది. ముత్తన్నను ఫోన్లో ఎన్నోసార్లు చూసింది కాబట్టి వెంటనే గుర్తుపట్టి, "ముత్తన్న భాయ్!" అని కేకేసింది. మమ్మల్ని లోపల కూర్చోబెట్టి పరదా వైపు తిరిగి లోపలివాళ్ళను పిలిచింది. "భాభీ, జల్దీ రా! నీ ఖడా దుపట్టా ఇస్త్రీ చేసిన భాయ్ వచ్చిండు."

గోళ్ళ మీద ఇంకా గోరింటాకు ఎరుపు పోని ఒక అమ్మాయి వచ్చింది. పేరు ఇస్మత్. పాతికేళ్ళుంటాయి. మెడలో ఆ లచ్ఛా ఉంది, మధ్యలో బంగారు బిళ్ళ. సలాం చేసి, నిజంగా సంతోషపడుతూ చెప్పింది, "ఏక్ భీ సల్వట్ నై థీ భయ్యా. పెట్టెల నుంచి తీసినంక అందరు చూసిన్రు, ఒక్క ముడత లేదు. ఆయన చెప్పిండు, మా దోస్తు చేతుల కమాల్ అని."

ఆ పిల్లను కోపంగా చూడాలని చూశాను, నా వల్ల కాలేదు. ఆ పిల్లకు కూడా ఎవరూ ఏమీ చెప్పలేదు. ముత్తన్న ఆ లచ్ఛా వైపు చూసి, "మంచిగ ఒప్పిందమ్మా," అన్నాడు. వాళ్ళిచ్చిన షర్బత్ మొత్తం తాగి, గ్లాసు కింద పెట్టాడు. అప్పుడే అజర్ లోపలికి వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

సందు బయటికి, ఫ్యాక్టరీ గోడ పక్కకు నడిచాం ముగ్గురం. ముత్తన్న అరవలేదు. నేనైతే చెప్పు తీసేదాన్నే.

"పెండ్లి చేసుకుంటే చేసుకున్నవు. గా దుపట్టా ఇస్త్రీ నా చేతుల్తోని ఎందుకు చేపిచ్చినవ్ అజర్?"

అజర్ కిందికి చూస్తూ అన్నాడు, "నీ అంత మంచిగ ఎవరు చేస్తరు ముత్తన్నా?"

అబద్ధం కాదు. అతను మనసులోని మాటే అన్నాడు. అందుకే నాకు రోత పుట్టింది. ముత్తన్న కొద్దిసేపు గోడకు పట్టిన నాచును గోటితో గీకాడు.

"అమ్మీ అన్నం మానేసింది," అన్నాడు అజర్. "ఆఫియా ముహూర్తం నాడే నాది గూడ చేస్త అన్నది. ఏం చెప్పాలె? ఏమని చెప్పాలె? మనకు పేరు ఉన్నదా ఏమన్న? నువ్వు గూడ చేసుకో. దుకాణం పెడదం. దినమంత ఒక్కతాన్నే ఉంటం గదా. ఎప్పటిలెక్కనే ఉందం."

"నాకు చెప్పాలె గదా. ఆడ ఉన్నప్పుడే చెప్పాలె గదా. నేను రాకపోదును."

అజర్ తలెత్తాడు. ముఖంలో నిజమైన ఆశ్చర్యం. నా వైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను.

"ఆపాకు చెప్పిన గద," అన్నాడు. "పెండ్లికి వారం ముందుగాలనే దుకాణానికి పోయి కార్డు ఇచ్చిన. నాకు ధైర్యం లేదు, నువ్వే చెప్పు ఆపా అన్న. అయినా నువ్వు రాజీనామా ఇచ్చినవంటే, అన్ని తెల్సే వస్తున్నవ్, నన్ను మాఫ్ చేసినవ్ అనుకున్న. ఫోన్ల కార్డు సంగతి ఎత్తకపోతివి, కోపం మింగినవ్ అనుకున్న."

రెండో మనిషి నేనే.

కార్డు నా కొలతల పుస్తకం కింద, సొరుగులో ఉంది. ఆ రోజు అజర్ దుకాణం ముందు నిలబడి ఏడిచాడు. నేను తిట్టాను, చెయ్యెత్తాను కూడా. అతను పోయాక మూడు రోజులు ఫోన్ పట్టుకొని కూర్చున్నాను. చెబితే వీడు రాడు. ఆ క్యాంపులో, ఆ పైమంచం మీద, ఒంటరిగా ముసలివాడవుతాడు. చెప్పకుండా రప్పిస్తే నాలుగు రోజులు ఏడుస్తాడు, తర్వాత నా కళ్ళముందు ఉంటాడు. నందిపేట్‌లో ఒక పిల్లను చూసి పెట్టాను, భర్త పోయిన పిల్ల, నెమ్మదస్తురాలు. చుట్టాలంతా, "బాపు లేడు, అక్కవు నువ్వు కూడ పట్టించుకోవా?" అని నా నెత్తి మీద కూర్చున్నారు. నాలుగో రోజు పోయి వినాయక్‌నగర్ ఇల్లు మాట్లాడాను. ఇద్దరికని చూసిన ఇల్లు, ఒక్కడికని తెలిసి మాట్లాడాను. ఫోన్ చేసి వచ్చెయ్ అన్నాను. బోర్డు మీద రెండు పేర్లు రాయిస్తుంటే కూడా పక్కనే నిలబడి చూశాను.

మంచే అనుకున్నాను. ఇప్పటికీ కొన్ని రోజులు మంచే అనుకుంటాను. ఆ కార్డు మాత్రం ఇంకా సొరుగులోనే ఉంది, పారేయడానికి చెయ్యి రాదు.

బస్సులో వాడు వెనక సీట్లో కూర్చున్నాడు, నేను ముందు ఆడవాళ్ళ సీట్లో. నిజామాబాద్ బస్టాండులో దిగాక నా ముందుకొచ్చి నిలబడ్డాడు. చుట్టూ ఆటోవాళ్ళు అరుస్తున్నారు.

"రూం దొరికిందని ఫోన్ జేసిన్నాడు నీకు ఇది తెలుసా?"

"తెలుసు తమ్మి."

"నా వీసా పోయింది. నాది అనుకున్న జాగ పోయింది. పన్నెండేండ్లు ఉన్న ఊరు అది. వాడు లేకున్నా నాకు ఆడ పని ఉండె, మంచం ఉండె, బతుకమ్మకు పిలిచెటోళ్ళుండిరి. ఈడ ఏమున్నది నాకు?"

"నేనున్న గద తమ్మి."

వాడు నా ముఖంలోకి చూశాడు. "వాడు భయపడ్డడు, సరే. వాని పానమే అంత. నువ్వెందుకు భయపడ్డవక్కా? నాకు నువ్వొక్కదానివే తెలిసినదానివి గదా."

వాడు నన్ను అక్కా అనడం అదే ఆఖరు.

అజర్ దుకాణానికి రాలేదు, వీడు పిలవలేదు. నందిపేట్ పిల్ల మాట నేను మళ్ళీ ఎత్తలేదు. ముత్తన్న ఆ బోర్డును పేర్లు కిందికి ఉండేట్టు బోర్లించి, దాని మీద దుప్పటి పరిచి, ఇస్త్రీ బల్లగా వాడుకుంటున్నాడు. వ్యాపారం బాగానే సాగుతోంది. పెళ్ళిళ్ళ కాలంలో పట్టుచీరలు, షేర్వానీలు గుట్టలుగా వస్తాయి. ఖడా దుపట్టాలు మాత్రం పట్టడు, రుక్సార్ అడిగితే, "చేతనైత లేదమ్మా," అన్నాడట. ప్రతి మూటకూ ఒక చీటీ కడతాడు, చీటీ మీద పేరు రాస్తాడు. పెట్టెల మీద రాసిన ఆ అందమైన చేతిరాతే.

ఏడు నెలలు నా దుకాణం బట్టలు రుక్సార్ చేత పంపాను. నాకు పోవడానికి ముఖం లేకపోయింది. పోయిన సోమవారం ధైర్యం చేసి నేనే పోయాను. అవ్వ చీర తీసుకొని పోయాను, ఆకుపచ్చ గద్వాల్, చిన్నప్పుడు వాడే మడత పెట్టేవాడు, చూస్తే ఏమైనా అంటాడని. షట్టర్ ముందు మరో ఇద్దరు నిలబడి ఉన్నారు. నా వంతు వచ్చాక చీర బల్ల మీద పెట్టాను. వాడు కొంగు విప్పి, అంచు మీద ఒకసారి వేలు నడిపించాడు. గుర్తుపట్టాడు, నాకు తెలుసు. వేలు ఒకచోట ఆగింది.

తర్వాత చీటీ తీసుకొని, పెన్ను చెవి మీదినుంచి తీసి, తలెత్తకుండా అడిగాడు.

"రేపు సాయంత్రం రాండ్రి. పేరు చెప్పుండ్రి."

వెనక ఎవరో తొందరపడుతున్నారు. "స్నేహలత," అన్నాను. వాడు రాసుకున్నాడు.